జీవరత్నానికి కొంచెం బాగలేదంట

ఆళ్లగడ్డకు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో అది ఎంత మెల్లగా నడిచేదంటే, మనిషి బొమ్మ తెర మీద నెత్తి దగ్గర మొదలై గడ్డం దాకా దిగేసరికి అవతలి మనిషికి నిజంగానే గడ్డం పెరిగేది. నున్నగా గీసుకుని కూర్చున్నవాడు సన్యాసిలాగా లేచేవాడు. ఇది అబద్ధమనేవాళ్లు రామనాథం శెట్టిని అడగవచ్చు. బస్టాండు ఎదురుగా బట్టల కొట్టు ఆయనదే. కొట్టు వెనక చీరల మూటలు పడేసే గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ అని బోర్డు కట్టిందీ ఆయనే.

ఆ మూడింటిలో గోడవారది ఆదివారం వస్తే ప్రమీలది. చర్చి విడిచిపెట్టగానే బైబిలు చంకన పెట్టుకుని నేరుగా వచ్చి కూర్చునేది. ఆమె మొగుడు జీవరత్నం మిలిటరీలో సిగ్నల్ హవల్దారు. దేశం కాని దేశం, ఆఫ్రికాలో కాంగో అని ఒకటుందట, అక్కడ నీలం టోపీల శాంతి సైన్యంలోకి మన పటాలాన్ని పంపితే, ఆ పటాలంతో పోయాడు.

అక్కడ జీవరత్నం పని తుపాకీ పట్టడం కాదు. క్యాంపులోని జవాన్లందరికీ ఇంటర్నెట్ నడపడం. ఒక రేకుల షెడ్డు, లోపల నాలుగు కంప్యూటర్లు, పైన రేకుల మీద గొడుగు తిరగేసినట్టు ఒక డిష్షు. ఆ గొడుగు ఆకాశంలో ఒకే చోటును రెప్ప వాల్చకుండా చూస్తుండాలి. గాలికి అది చిటికెన వేలంత పక్కకు తిరిగినా చాలు, పంజాబీవాడి పెళ్లాం, తమిళవాడి తల్లి, బెంగాలీవాడి పసిబిడ్డ అందరూ ఒక్క దెబ్బకు మాయం. అప్పుడు జీవరత్నం నిచ్చెన వేసుకుని పైకెక్కాలి, గొడుగును మళ్లీ దారికి తేవాలి. అందరూ మాట్లాడుకున్నాక చివర్లో అతని వంతు. పెళ్లిలో వడ్డించేవాడు ఆఖరి బంతిలో తిన్నట్టు.

ఇంతవరకూ బాగానే ఉంది. షెడ్డుకు ఎదురుగా ఒక కొండ ఉంది. ఆ కొండలో ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్లు ఉన్నారు. క్యాంపు చుట్టూ మనిషెత్తు ఇసుక మూటలు పేర్చారు గాని, రేకుల మీద ఎవరు పేరుస్తారు? ఈ సంగతి జీవరత్నం చెప్పలేదు. అదే క్యాంపులో జవానుగా ఉన్న కొలిమిగుండ్ల శివ ఒకసారి తెర మీద వదినా వదినా అని కబుర్లు చెబుతూ నోరు జారాడు. ఆ ఆదివారమే ప్రమీల ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ మొగుణ్ణి నిలదీసింది.

"ఆ గొడుగు యాడుంది?"

"రేకుల మీద."

"ఎక్కితే కొండ మీదోళ్లకు కనపడవా?"

"కనపడతా. కోతి అనుకుంటారు."

"కోతిని కాల్చరా?"

"నా మొకం చూస్తే కోతులే జాలిపడతాయి, మనుషులు పడరా మ్మే?"

ప్రమీల నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఒక జబ్బు పట్టుకుంది. తెర మీద జీవరత్నం పేరు పక్కన పసుపుపచ్చగా నవ్వే చిన్న బొమ్మ ఉంటుంది. లైను పోతే అది బూడిద రంగుకు తిరుగుతుంది. పక్క కుర్చీల్లో ఇంజినీరింగు పిల్లలకు లైను పోతే "శెట్టీ, నీ నెట్టు మళ్లా సచ్చిందప్పా!" అని కేకేసి బీడీకి బయటికి పోయేవాళ్లు. ప్రమీలకు మాత్రం లైను పోయిందంటే మొగుడు నిచ్చెన ఎక్కాడని అర్థం. బొమ్మతోబాటు ఆమె మొహమూ బూడిదయ్యేది. మళ్లీ పసుపు తిరిగితే దిగాడని అర్థం. అప్పుడు ఊపిరి వదిలేది.

అయితే ఒకటి. ఎంత గాలివానైనా లైను ఎక్కువ సేపు పోయేది కాదు. భయం ఎంత ఉందో ఆమెకు గర్వమూ అంత ఉంది. కుట్టు మిషను దగ్గరికి జాకెట్లకు వచ్చే ఆడవాళ్లతో చెప్పుకునేది: "మా ఆయన పానంతో ఉండంగా ఆడ నెట్టు పూటంతా పోయిందనే మాట లేదక్కా."

ఒక బేస్తవారం పగటి పూట రామనాథం శెట్టి వీధిలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొట్టు తగలబడినా, ముందు గజంబద్ద భద్రం చేసుకుని తర్వాత నీళ్లు అడిగే మనిషి ఆయన. ఆయన గద్దె దిగి వీధిలో పరుగెత్తడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ప్రమీల మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది.

"ప్రమీలమ్మా, తొందరగా రామ్మా. మీ ఆయన క్యాంపు నుంచి ఫోను. అదేదో ఆకాశం ఫోనంట, మళ్లా చేస్తామన్యారు."

ఆమె కొట్టులోకి పోయి నిలబడేసరికి మళ్లీ మోగింది.

"వదినా, నేను శివను. బాగుండావా?"

"బాగుండా. ఆయన యాడ?"

ఆ ఫోనులో మాట ఆకాశం దాకా పోయి రావాలి. అందుకని అడిగిన ప్రతి దానికీ జవాబు రావడానికి కొంత సందు ఉంటుంది. ఆ సందులో బావిలోకి రాయి వేసి చప్పుడు కోసం చూసినట్టు ఉంటుంది.

"అన్నకు... కొంచెం ఒంట్లో బాగలేదు వదినా."

ప్రమీల చేయి గద్దె మీది గజంబద్దను పట్టుకుంది.

"ఏం లేదు, జరం. నువ్వేం భయపడాకు. పక్కన మగోళ్లు ఎవురన్నా ఉండారా?"

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కొలిమిగుండ్ల నుంచి సున్నిపెంట దాకా ఆ సీమలో ఫోను మీద ఎవరూ చచ్చిపోరు. వాళ్లకు కొంచెం బాగుండదు, అంతే. లారీ కింద పడి నుజ్జయినవాడికీ కొంచెం బాగుండదు. పాము కరిచి నీలంగా మారినవాడికీ కొంచెం బాగుండదు. కబురు చెప్పేవాడు ముందు ఆ మాట అంటాడు, తర్వాత భయపడొద్దంటాడు, ఆ తర్వాత పక్కన మగవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఈ మూడూ వరసగా వచ్చాయంటే ఇక ఏడవడమే తరువాయి. ప్రమీల తండ్రి పోయినప్పుడు ఇదే కబురు. కొంచెం బాగలేదంటే ఆమె బత్తాయిలు కొనుక్కుని తలలో పూలతో పుట్టింటికి పోయింది. వాకిట్లో తండ్రిని బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు.

శివ మాత్రం నిజమే చెప్పాడు. కాని అతనూ ఆ సీమవాడే. ఆడమనిషిని బెదరగొట్టకూడదని మగవాళ్లను అడిగాడు. ఎంత మెత్తగా చెబితే అంత మంచిదనుకున్నాడు.

రామనాథం ఫోను అందుకున్నాడు. "అప్పా, ఆడ ఏమన్నా కాల్పులు గీల్పులు జరిగినాయా?"

సందు.

"అయ్యి మేము చెప్పకూడదు శెట్టీ. నెట్టు కూడా పోయింది. అన్న లేస్తే గానీ..."

అంతే, ఫోను తెగిపోయింది. లేస్తే గానీ అన్న ముక్క రామనాథం చెవిలో మిగిలింది. ఆయన దాన్ని ప్రమీలకు చెప్పలేదు. ఆయన మొహం చెప్పేసింది.

ప్రమీల గోడవారి కంప్యూటరు ముందు కూర్చుంది. పేరు పక్కన బూడిద బొమ్మ. సాయంత్రం దాకా బూడిదే. మర్నాడు తెల్లవారి కొట్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. లోపలికి పోయి చూస్తే ఇంకా బూడిదే. ఆయన పానంతో ఉండంగా నెట్టు పూటంతా పోదని ఊరంతా టముకు వేసిన నోరు ఆమెది. పూట గడిచింది, రోజూ గడిచింది. ఇక వేరే సాక్ష్యం ఎందుకు? ఇన్నాళ్ల ఆమె గర్వమే ఇప్పుడు కాళ్లు బారజాపుకుని ఎదురుగా కూర్చుని, పోయినాడు పోయినాడు అని చెబుతోంది.

ఆ మధ్యాహ్నానికే బాలమ్మ దిగింది. జీవరత్నానికి మేనత్త. ఏ ఇంట్లో ఏడుపున్నా మొదటి గొంతు ఆమెదే. ఆమె రాగం తీస్తే శిరివెళ్లలో ట్రాక్టర్లు ఆగి దారి ఇచ్చేవని పేరు. వచ్చీ రాగానే ఫోను దగ్గర కూర్చుని చుట్టాలందరికీ కబురు పెట్టింది. "జీవరత్నానికి కొంచెం బాగలేదంట. ఉన్నపళంగా రాండి." ఎవరూ ఏం జబ్బని అడగలేదు. ఎప్పుడని మాత్రం ఒకరిద్దరు అడిగారు.

జీవరత్నం తల్లి సారమ్మకు చెప్పే ధైర్యం ఎవరికీ లేక, కొడుకుకు జ్వరమని చెప్పారు.

"జరమేనా?" అంది సారమ్మ రోట్లో పచ్చడి నూరుతూ. "దానికి ఇంతమంది యాలొచ్చినారు? మిరియాల కసాయం తాగి దుప్పటి కప్పుకోమనండి. వానికి చిన్నప్పటి నుంచీ జరమొస్తే వాగుడెక్కువ."

ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ ఇంటిల్లిపాదిలో నిజం నమ్మింది ఆమె ఒక్కతే. అందరూ ఆమెను చూసే ఏడ్చారు.

శనివారం పొద్దున రామనాథం, "ఈడ కూచుంటే తేలదమ్మా. నంద్యాలలో మా బామ్మర్ది సెంటరుంది. ఆడ లైను గట్టిది, కెమెరా కూడా ఉంది. పోయి చూడండి" అన్నాడు. ప్రమీల బయలుదేరింది. ఆమె వెంట చుట్టాలందరూ బయలుదేరారు. సారమ్మ చెప్పులు వేసుకుంటుంటే బాలమ్మ అడ్డం పడింది.

"నీకు మోకాళ్ల నొప్పులు గదొదినా, నువ్వు ఇంటికాడే ఉండు."

బస్సులో కండక్టరు టిక్కెట్టు టిక్కెట్టు అని అరుచుకుంటూ వచ్చి, ఆ మొహాలు చూసి గొంతు తగ్గించాడు. "ఎవురికి తల్లీ?" అన్నాడు. "కొంచెం బాగలేదంట" అంది బాలమ్మ. కండక్టరు టోపీ తీశాడు. శిరివెళ్లలో ఇంకో గుంపు ఎక్కింది. వాళ్లు ఎక్కుతూనే అందుకున్నారు. డ్రైవరు ముందు వేసుకున్న పాటల క్యాసెట్టు తీసేశాడు. నంద్యాల చేరేసరికి అసలు సంగతి తెలియని ప్రయాణికులు కూడా కళ్లు ఒత్తుకుంటున్నారు. ప్రమీల ఒక్కతే ఏడవలేదు. కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఏడిస్తే ఒప్పుకున్నట్టేనని ఆమె భయం.

శ్రీనివాస సెంటరు పక్క సందులో మేడ మీద నెట్ సెంటరు. చదువుకునే పిల్లలు ఆ మందను చూసి లేచి కుర్చీలిచ్చారు. ప్రమీల కూర్చుని తెర తెరిచింది. బూడిద. చుట్టాలు ఆమె వెనక గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి బాలమ్మ గుసగుస ఆమె చెవిన పడింది.

"అంతదూరం నుంచి పెట్టె ఎట్లా తెస్తారో ఏమో. ఇమానంలో ఐసు పెడతారా?"

ప్రమీల వెనక్కి తిరగలేదు. రెప్ప వేస్తే బొమ్మ రంగు మారేది తప్పిపోతుందేమోనన్నట్టు చూస్తూనే ఉంది.

మారింది. పసుపుపచ్చ.

సంతోషం రావలసిన చోట ఇంకా పెద్ద భయం వచ్చింది. ఆ పేరుతో శివ కూర్చుని ఉండవచ్చు. ఆఫీసరు కూర్చుని ఉండవచ్చు. చెప్పవలసింది ఎవరో ఒకరు చెప్పాలి కదా. కెమెరా తెరవమని అడిగే గుర్తు మీద ఆమె వేలు నొక్కింది. బొమ్మ పైనుంచి మెల్లగా దిగడం మొదలైంది. మొదట రేకులు. తర్వాత నల్ల కంబళి అంచు. కంబళి నెత్తిన కప్పుకున్నది ఎవరో తెలియదు. నుదురు దాకా దిగి ఆగిపోయింది. ఆ నుదురు ఎవరిదైనా కావచ్చు. ప్రమీల వేళ్లు బల్ల అంచును గోకుతున్నాయి. బొమ్మ ఇంకొంచెం దిగింది. కళ్లు. ఎర్రగా, లోపలికి పోయి ఉన్నాయి. కాని ఆ కళ్లు ఆమె ఎరిగినవి. పెళ్లి చూపులనాడు కాఫీ లోటా మీదుగా దొంగగా చూసిన కళ్లు.

ఆమెకు టైపు చేయడానికి చేయి రాలేదు. ఆమె వెనక చుట్టాలకు ఆ చిన్న బొమ్మ కనపడదు. వాళ్లు ఆమె భుజాలు వణకడం చూశారు. కబురు తేలిపోయిందనుకున్నారు. బాలమ్మ రాగం ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు.

అవతల మాట వినపడదు, బొమ్మ ఒక్కటే. జీవరత్నానికి అందులో కనిపించింది ఏమిటంటే, పెళ్లాం మొహాన నెత్తురు చుక్క లేదు, వెనక మేనత్త గుండెలు బాదుకుంటోంది, శిరివెళ్ల మామలు తుండుగుడ్డలు మొహాన కప్పుకున్నారు. అక్షరాలు వచ్చాయి.

"ఏందీ? ఈళ్లంతా యాలొచ్చినారు?"

మరుక్షణం, "అమ్మ యాడ?"

ప్రమీల కీబోర్డు మీద వేలు పెట్టింది. "అమ్మ ఇంటికాడుంది. బాగుంది."

"నిజం చెప్పు."

"నిజమే. మోకాళ్ల నొప్పులని రాలేదు."

ఇంకో ప్రశ్న వచ్చింది.

"కొంచెం బాగలేదా?"

ఆ మనిషీ ఆ సీమవాడే. బాగుందంటే ఒక అర్థం, నొప్పులంటే ఒక అర్థం, ఏమీ లేదంటే మరీ పెద్ద అర్థం. ఆమె బాగుంది బాగుంది అని రాసినకొద్దీ అక్కడ సారమ్మ చచ్చిపోతూనే ఉంది. ఇంతలో బాలమ్మ లేచి వచ్చి, తెర మీద మేనల్లుడి కళ్లను చూసి కెవ్వుమంది. బతికున్నాడని తెలిసి వచ్చిన ఏడుపు అది. ఆ ఏడుపు మొహాన్నే తెచ్చి కెమెరాకు ఆనించి రెండు చేతులూ జోడించింది. ఇంక చెప్పేదేముంది.

తెర మీద బొమ్మ వణికింది, గళ్లుగళ్లుగా విరిగింది. అక్కడ గాలి లేచినట్టుంది. జీవరత్నం తల పైకెత్తి రేకుల వైపు చూశాడు. ఆ చూపు ప్రమీలకు తెలుసు.

"లైను పోతాంది. పైకెక్కి సరిచేసొస్తా. అమ్మను చూపించు. పానంతో ఉంటే చూపించు."

అతను బల్ల పట్టుకుని లేస్తున్నాడు. లేస్తుంటేనే తూలుతున్నాడు. ఆ కాళ్లతో నిచ్చెన ఎక్కి, ఆ రేకుల మీద నిలబడి, ఎదురుగా కొండను పెట్టుకుని, తల్లి చచ్చిందన్న గుడ్డితనంతో గొడుగు తిప్పుతాడు. కోతిలాగా గబగబా ఎక్కి దిగే రోజు కాదు ఇది. రెండు రోజులుగా లేని చావును తామందరూ కలిసి ఇప్పుడు పిలిచి పీట వేస్తున్నారని ఆమెకు ఒక్కసారిగా తెలిసింది.

అతను నమ్మే మాట ఒక్కటి కావాలి. మెత్తని మాట ఏదీ పనికిరాదు. ప్రమీల వంగి కొట్టడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒంటి వేలు.

"నువ్వు సచ్చి"

చదువుకున్న ఒక మామ అది కూడబలుక్కుని చదివి, "అయ్యయ్యో!" అన్నాడు. బాలమ్మ ఆమె మణికట్టు పట్టేసుకుంది.

"ఏం మాటే అది? కట్టుకున్నోని మీద, నోటికి రావాల్సిన మాటేనా?"

"నోటికి రాలేదు అత్తా, చేతికొచ్చింది. ఇడువు!"

ఆమె మణికట్టు విదిలించుకుంది. గాజు ఒకటి పగిలి కీబోర్డు మీద పడింది. ఆ గాజు ముక్కల మీదనే రాసింది.

"నువ్వు సచ్చినావనుకున్నాం. ఈళ్లంతా నీకోసం ఏడ్చనీకొచ్చినారు. మీయమ్మ సచ్చింటే సచ్చిందనే రాస్తా. ఎక్కాకు."

నొక్కింది. బొమ్మ సగం లేచిన మనిషి దగ్గర గడ్డకట్టింది. పేరు పక్కన బూడిద.

అందిందా? అందకముందే పోయిందా? అడగడానికి దారి లేదు. లైను రావాలని కోరుకుందామా అంటే, వచ్చిందంటే ఎక్కాడన్నమాట. రాకూడదని కోరుకుందామా అంటే, ఎక్కినవాడు దిగలేదేమో. ప్రార్థన చేయడానికి ఆమెకు మాట దొరకలేదు. ప్రభువా అని మాత్రం అనుకుని అక్కడ ఆగింది. ఆ పైన ఏం అడగాలో ఆయనే చూసుకోవాలి.

ఎంతసేపో. కింద సందులో సోడా బండివాడు గోలీ కొట్టిన చప్పుడుకు గుంపంతా ఉలిక్కిపడింది.

పసుపుపచ్చ.

బొమ్మ దిగింది. రేకులు. కంబళి. నుదురు. కళ్లు. అతనే, కుర్చీలోనే. కంబళిలో వణుకుతున్నాడు, పళ్లు కనపడుతున్నాయి. ఆ వణుకులో చలి ఎంతో నవ్వు ఎంతో చెప్పడం కష్టం.

"సచ్చింది నేనా?"

"ఎవురు జెప్పినారు మ్మే?"

"శివ. కొంచెం బాగలేదన్యాడు" అని కొట్టింది ప్రమీల. కళ్ల నీళ్లకు అక్షరాలు కనిపించడం లేదు.

"కొంచెం బాగలేకుంటే కొంచెం బాగలేదనే గదా అంటారు! మలేరియా. ఇంగేమనల్ల వాడు?"

మామ అది పైకి చదివాడు. గోడవార ఉన్న గుంపు ముందు నోరు తెరిచింది, తర్వాత గొల్లుమంది. ఏడ్చినవాళ్లు ఏడ్చిన మొహాలతోనే నవ్వారు. బాలమ్మకు మాత్రం కోపం వచ్చింది. "ఇంతమందిమి పనులు ఇడిసిపెట్టి వొస్తిమి గదరా నాయనా!" అని తెర మీద వేలు ఆడించింది.

ప్రమీల నవ్వబోయి ఆగింది. అతను కుర్చీలోంచి కదలలేదు. కాని లైను వచ్చింది.

"మరి గొడుగు తిప్పిందెవురు?"

"శివ. నేను కిందనుంచి చెప్తాంటే వాడు తిప్పినాడు. మంచిగనే తిప్పినాడు, కొత్తోడైనా."

ఆమె ఆ అక్షరాలను రెండుసార్లు చదువుకుంది. కొలిమిగుండ్లలో శివ తల్లి రామేశ్వరమ్మ ఈ వేళప్పుడు చేలో ఉంటుంది, కలుపు తీస్తూ. ఆమెకు ఏ బొమ్మా లేదు, ఏ రంగూ లేదు.

"దిగినాడా?" అని కొట్టింది.

"ఇంకా లేదు. బోల్టు బిగిస్తాండాడు."

"గట్టిగా కేకెయ్యి. దిగమను."

"దిగుతాడులే."

వెనక బాలమ్మ, రెండు గంటల బస్సు పోతే మళ్లీ చీకటి దాకా బస్సు లేదంటూ ఆమె కొంగు పట్టుకుని లాగుతోంది. చుట్టాలు నవ్వుకుంటూ మెట్లు దిగుతున్నారు. ప్రమీల కుర్చీలోంచి లేవలేదు. గాజు ముక్కలు పక్కకు నెట్టి, ఒంటి వేలితో మళ్లీ కొట్టింది.

"దిగినాడా?"